భూటాన్ తలుపులు తెరవకముందే

అక్క పోయిందని తెలిసినప్పుడు నేను బేకరీ బయట క్యూలో ఉన్నాను. లోపలికి ఒకసారికి ఇద్దరినే రానిస్తున్నారు. చలికి మాస్కు లోపల ఊపిరి తడిగా ముఖానికి అంటుకుంటోంది. ఆసుపత్రి నర్సు ఫోనులో జర్మన్‌లో నెమ్మదిగా, మాట మాటా విడదీసి చెప్పింది. మొదటి వాక్యానికే అర్థమైంది. అయినా మళ్లీ చెప్పమన్నాను. ఆమె అంతే నెమ్మదిగా మళ్లీ చెప్పింది. ఇంతలో నా వంతు వచ్చింది. ఏం చేయాలో తోచక లోపలికి వెళ్లి, ఎప్పటిలాగే ఇద్దరికి సరిపడా బ్రెడ్డు కొనుక్కుని బయటికొచ్చాను.

జర్మనీలో ఉండి ఇది చదువుతున్న మీలో కొందరు ఆమెతో భూటాన్ వెళ్లి వచ్చినవాళ్లే. హిమాలయాల్లో ఎక్కడో దాక్కున్నట్టుండే ఆ రాజ్యానికి ఆమె ఇక్కణ్నుంచి ఏటా వసంతంలోనూ, శరత్కాలంలోనూ చిన్న చిన్న బృందాలను తీసుకెళ్లేది. ఎక్కువమంది రిటైరైన జర్మన్లు. వాళ్లను "నా ముసలి పిల్లలు" అనేది. అప్పుడప్పుడు మన తెలుగు కుటుంబాలు. కొండల్లో నడక, మఠాల దర్శనం, ముసుగులు వేసుకుని నాట్యం చేసే పండుగలు. "ముందు కండ్లతో చూడుండ్రి, తర్వాత ఫొటో" అని ఆమె కసిరితే కెమెరా దించిన అనుభవం మీకూ ఉండే ఉంటుంది. మీకు ఆమె టూర్ లీడర్. నాకు ఒకే ఇంట్లో ఉన్న అక్క. నేను భూటాన్ చూడలేదు. నాకు తెలిసిన భూటాన్ అంతా ఎర్లాంగెన్‌లో మా మూడో అంతస్తు వంటగదిలోదే.

అక్కది జగిత్యాల. సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి జర్మనీ వచ్చింది. ఒకసారి సెలవులకు భూటాన్ వెళ్లి, తిరిగి వచ్చాక ఆఫీసులో కూర్చోలేకపోయింది. కొన్నాళ్లకు ఉద్యోగం మానేసి ఇదే పనిగా పెట్టుకుంది. నేను తెనాలి నుంచి మాస్టర్స్ చదవడానికి వచ్చి, గది దొరక్క స్నేహితురాలి సోఫా మీద పడుకుంటున్న రోజుల్లో ఎవరో ఆమె నంబరిచ్చారు. అద్దె సంగతి కూడా ఎత్తకుండా మొదటి ప్రశ్న వేసింది.

"మిరపకాయలు తింటవా?"

"తింటానక్కా."

"ఏదో తింటనంటే గాదు. కూరంత మిరపకాయలే ఉంటయి."

"మాది గుంటూరు జిల్లా అక్కా."

"అయితే వచ్చెయ్. ఈ అడ్రసుల ఉంటున్నవని అన్‌మెల్డుంగ్ కాగితం మీద సంతకం పెడ్త."

ఆ కూర పేరు ఎమా దత్షి. భూటాన్‌లో పచ్చిమిరపకాయను కారం కోసం వెయ్యరు, కూరగాయలాగే వండుతారు. నిలువుగా చీల్చిన కాయలు, చీజు, కాస్త ఉల్లిపాయ. అక్క టర్కీ వాళ్ల కొట్టులో కాయలు ఏరుకొచ్చేది. వేడన్నంలో కలుపుకుని కళ్ల నీళ్లు కారుస్తూ తినేవాళ్లం. "దేవుడు తెలుగోళ్ల కోసమే ఆ దేశం చేసి, అడ్రసు చెప్పుడు మర్చిపోయిండు" అనేది.

కరోనా వచ్చిన ఏడు మార్చిలో ఒక బృందం బయలుదేరడానికి సిద్ధంగా ఉంది. అక్క బ్యాగు సర్ది హాల్లో పెట్టింది. అంతలో భూటాన్ యాత్రికులకు తలుపులు మూసేసింది. కొద్ది రోజులకే ఇక్కడ మనమూ ఇళ్లలో పడ్డాం. నా లాబ్ మూసేశారు. ఇండియాకు విమానాలు ఆగిపోయాయి. బ్యాగు మాత్రం హాల్లోనే ఉంది. స్నానాల గదికి వెళ్లాలంటే దాన్ని దాటుకుని వెళ్లాలి. తీసి లోపల పెడదామంటే ఒప్పుకునేది కాదు.

ఆ రోజుల్లో అక్క మంచిగా ఉండేది కాదు. ఉన్నదున్నట్టు చెప్పకపోతే ఆమెకే నచ్చదు. కిటికీ తెరిచేది, మూసేది, మళ్లీ తెరిచేది. గిన్నె చప్పుడైతే విసుక్కునేది. మా బాల్కనీకి ఎదురుగా పక్క బిల్డింగు గోడ తప్ప ఏమీ కనబడదు. అన్నేళ్లుగా అక్కడే ఉంటూ, "ఈ గోడ ఇక్కడ ఎప్పుడు కట్టిండ్రే?" అని అడిగింది ఒకరోజు. నేను నవ్వాను. ఆమె నిజంగానే అడిగింది. అంతకుముందు ఆ బాల్కనీలో నిలబడేంతసేపు ఇంట్లో ఉన్నదే లేదు.

బయట నడవడానికి అనుమతి ఉందని నేనే ఒకరోజు బయలుదేరదీశాను. మూలనున్న ట్రెక్కింగ్ బూట్లు తీసి తొడుక్కుంది. మెట్లు దిగుతుంటే కుడి బూటు అడుగు ఊడి పక్కకు జారింది. లోపలి పొర రవ్వలా పొడిపొడిగా రాలింది. మెట్ల మీద కూర్చుని ఆ పొడిని వేళ్లతో నలుపుతూ చాలాసేపు చూసింది.

"నడిస్తే అరుగుతయని భయపడ్తం. నడవకుంటే ఇట్ల సచ్చిపోతయి," అంది.

బూట్లు బాగుచేసే కొట్లు కూడా మూసే ఉన్నాయి. ఆ వేళ చెప్పులతోనే అడవి దాకా నడిచాం. ఎర్లాంగెన్ చుట్టూ ఉన్న అడవిలో కొండలేవీ లేవు. చిన్న మిట్ట ఎక్కి ఆగి, అదేదో భూటాన్ కొండల నడుమ దాటే దారైనట్టు, "ఇది మన కనుమ" అంది వెటకారంగా. మర్నాటి నుంచి రోజూ వెళ్లాం.

ఆ చలికాలం నాకు కరోనా వచ్చింది. ఆరోగ్యశాఖ వాళ్లు గది దాటొద్దన్నారు. అక్క గుమ్మం బయట ముక్కాలిపీట మీద పళ్లెం పెట్టి, రెండడుగులు వెనక్కి వెళ్లి కూర్చునేది. తలుపు వెనక నుంచి మాటలు. మొదటి రోజులు బాగానే గడిచాయి. వారం తిరిగేసరికి జ్వరం తగ్గింది కూడా. ఆ మధ్యాహ్నం పళ్లెం తీసుకోవడానికి లేస్తే మంచానికి, తలుపుకు మధ్య దూరం పెరిగినట్టనిపించింది.

"ఎట్లుందే?"

"బానే ఉన్నానక్కా."

"మొత్తం వాక్యం చెప్పు. పొద్దుగాల ఏం తిన్నవో చెప్పు."

చెప్పబోయాను. మధ్యలో రెండుసార్లు ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది. తర్వాత హాల్లో బ్యాగు జిప్పు లాగిన శబ్దం. నెలల తర్వాత ఆ బ్యాగు తెరుచుకుంది. కొండ మీద యాత్రికుల వేళ్లకు తగిలించి రక్తంలో ఆక్సిజన్ చూసే చిన్న యంత్రం పళ్లెంలో పెట్టి తలుపు సందులోంచి లోపలికి తోసింది.

"వేలికి పెట్టుకో. నంబరు చదువు."

చదివాను.

"కనుమ మీద గాలి పల్చగుంటది, ఆడ ఇదే నంబరైతే నవ్వి ఊకుంట. ఎర్లాంగెన్‌ల ఇదేం నంబరే?"

అంబులెన్సు పిలుస్తానంది. వద్దన్నాను. భాష సరిగా రాని చోట, ఒంటరిగా, ముఖాలు కనబడని మనుషుల మధ్య పడి ఉండటం తలచుకుంటేనే భయమేసింది. ఇల్లు దాటితే తిరిగి రానేమో అనిపించింది.

"వద్దక్కా, ప్లీజ్. రేపటిదాకా చూద్దాం. నేను బానే ఉన్నాను."

"కొండ మీద నేను మంచిగున్న, మంచిగున్న అనేటోళ్లనే ముందు కిందికి దించుత. నువ్వు రెండుసార్లు అన్నవు. సప్పుడు జెయ్యకు."

అంబులెన్సు వాళ్లు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి మెట్లు దింపారు. అక్కకు క్వారంటైన్, వెంట రావడానికి వీల్లేదు. మూడో అంతస్తు కిటికీలోంచి నడుం దాకా బయటికి వంగి, వీధి వీధంతా వినేలా తెలుగులో అరిచింది: "బోర్లా పడుకోబెట్టమను! బోర్లా!" ఆసుపత్రిలో నిజంగానే బోర్లా పడుకోబెట్టారు. ఇంకొక రోజు ఆలస్యమై ఉంటే కష్టమయ్యేదని డాక్టర్ తర్వాత చెప్పింది. ఈ నాలుగు ముక్కలు రాయడానికి నేను మిగిలానంటే ఆమె ఆ మధ్యాహ్నం నా మాట వినకపోవడం వల్లే.

భూటాన్‌లో ఆమెతో కలిసి పనిచేసిన గైడును "తమ్ముడు" అనేది. హిందీలో మాట్లాడుకునేవాళ్లు. యాత్రికులు లేక అతను సరిహద్దు కాపలాకు వాలంటీరుగా వెళ్లాడు. వీడియో కాల్‌లో వాలంటీర్ల నారింజ రంగు దుస్తుల్లో, వెదురు గుడిసెలో కనిపించేవాడు. ఒకసారి అతను నవ్వుతూనే అన్నాడు, "దీదీ, ఇన్నాళ్లూ దండం పెట్టి అందరినీ లోపలికి రమ్మన్నాను. ఇప్పుడు ఎవరూ రాకుండా చూడటం నా డ్యూటీ." అక్క ఏదో జోకు వేసి ఫోను పెట్టేసింది. ఆపైన వంటగదిలోకి వెళ్లి, కుళాయి తిప్పి, ఏ గిన్నే కడగకుండా నిలబడింది.

మరుసటి ఏడు టీకాలొచ్చాయి. "టెర్మిన్ దొరికిందా?" అని, అంటే టీకాకు అపాయింట్‌మెంటు దొరికిందా అని, అందరం ఒకరినొకరం అడుక్కున్న రోజులవి. టీకాకు ముందు పరీక్షలేవో చేయించుకుంటే అక్క రక్తంలో తేడా బయటపడింది. ముదిరిన జబ్బు. చలికాలం వచ్చేసరికి ఆసుపత్రిలో పెట్టారు. రోజుకు ఒక్కరినే, అదీ ఒక గంట చూడనిచ్చేవాళ్లు. ఆ ఒక్కరిగా అక్క నా పేరు రాయించింది. ఆ గది కిటికీ బెత్తెడు మాత్రమే తెరుచుకుంటుంది. ఆ సందులో ముక్కు పెట్టి కూర్చునేది.

"వచ్చే ఏడు భూటాన్ తెరుస్తారంటున్నారక్కా," అన్నాను ఒకరోజు, ధైర్యం చెప్పాలని.

"తెరవనీ. కనుమ యాడికి పోతది? మనమే పోతం."

కనుమ దగ్గరదాకా వెళ్లి, మబ్బు కమ్మితే వెనుదిరిగిన బృందాలతో ఆమె ఎన్నోసార్లు అన్న మాటే. దారిలో ఎంతోమందిని నవ్వించిన మాట. ఆ రోజు మేమిద్దరం నవ్వలేదు. అక్క చెయ్యి చాపింది. పట్టుకున్నాను, గ్లవుజుల్లోంచే.

"మా అన్నకు చెప్పు. బూడిద కోసం పర్మిషన్లు, విమానాలు అని తిరగొద్దని. నన్ను డబ్బాల వెట్టి, ఏదో ఆఫీసు అల్మారాల కూసోబెట్టకుండ్రి. ఈ రెండేండ్లు కూసున్నది సాలు. మనం రోజు నడిసినం సూడు, ఆ అడవి దిక్కు ఏదన్న చెట్టు కింద వెట్టుండ్రి."

"భయంగా ఉందా అక్కా?"

"భయం గాదే. ఇసుగు."

జర్మనీలో చితాభస్మం ఇంటికివ్వరు. కాని అడవిలో చెట్టు మొదట పాతిపెట్టే ఏర్పాటు ఉంది. జగిత్యాల అన్నయ్య ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది. గోదావరి లేకుండా ఎట్లా అని ఏడ్చాడు. ఆఖరికి ఫోనులో వీడియో పెట్టి అడవంతా చూపించమన్నాడు. మంచు పడిన చెట్లు చూసి, "చల్లగున్నదమ్మా. మా చెల్లెకు చలంటే ఇష్టమే," అన్నాడు. భూటాన్ తమ్ముడు సరిహద్దు గుడిసెలోనే నేతి దీపం వెలిగించి ఫొటో పంపాడు. సెలవు దొరకలేదని కింద రాశాడు.

భస్మం పాతిపెట్టే ఉదయం ఆమె ముసలి పిల్లలు వచ్చారు. మాస్కుల్లో ఎవరు ఎవరో తెలియలేదు. అందరూ ట్రెక్కింగ్ బూట్లు వేసుకొచ్చారు. గుంటలోకి తలా గుప్పెడు మట్టి వేశారు. ఎవరూ ప్రసంగించలేదు. ఒక పెద్దాయన మాత్రం భూటాన్‌లో కనుమ దాటినప్పుడు అరిచే మాట, దేవతలకు జయమని అర్థమట, పెద్దగా అనబోయాడు. సగంలో ఆగిపోయాడు. మిగతాది పక్కనున్నావిడ చిన్నగా పూర్తి చేసింది.

తిరుగుదారి సన్నది. ఒకరి వెనక ఒకరం బయలుదేరాం. నేను చివర ఉన్నాను. మొదటి మలుపు దగ్గర వరుసంతా ఆగింది. అందరూ వెనక్కి తిరిగి నా వైపు చూశారు. ఎవరైనా జారిపడ్డారేమోనని నేనూ వెనక్కి చూశాను. ఎవరూ లేరు. ముందున్నావిడ మాస్కు కిందికి లాగి, తప్పు చేసినట్టు నవ్వింది. "అలవాటు," అంది. "ఆమె ఎప్పుడూ ఆఖరున నడిచేది. ప్రతి మలుపులోనూ ఆగి, వస్తోందా లేదా అని చూసుకునేవాళ్లం."

మళ్లీ నడక మొదలైంది. తర్వాతి మలుపులోనూ ఆగారు. ఆ తర్వాతి దాంట్లోనూ.