అన్నం మీద బొగ్గు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అన్నానికి కరువొచ్చిన రోజులున్నాయి గానీ బొగ్గుకు మాత్రం ఎప్పుడూ కరువు రాలేదు. వంట అయిపోగానే మా అవ్వ, అంటే నాయన తల్లి, పొయ్యిలో నిప్పులు బయటికి లాగి నీళ్ళు చిలకరించేది. ఆరాక వాటిని ఏరి మూతి పగిలిన కుండలో దాచేది. ఉప్పు వేసి నూరితే అదే మా పళ్ళపొడి. ఆకుపసరుతో కలిపి రుద్దితే తెల్లబడిన నా పలక మళ్ళీ నల్లగా అయ్యేది. బావినీళ్ళు వాసన కొడితే నాలుగు ముక్కలు గుడ్డలో మూటగట్టి కడవలో వేసేది. శనివారం సాయంత్రం ఇస్త్రీ పెట్టెలో రాజేసి, మరునాడు చర్చికి వేసుకునే బట్టలు రుద్దేది. ఈ ఇంట్లో నీకంటే బొగ్గే ఎక్కువ పని చేస్తుందని నన్ను దెప్పేది.

ఇవి కాక ఇంకొకటి ఉంది. ఇంట్లోంచి అన్నం బయటికి పోతే, దాని మీద ఒక బొగ్గుముక్క, ఒక ఎండుమిరపకాయ పెట్టేది. చనిపోయినవాళ్ళు అన్నం వాసనకు వెంట వస్తారని, బొగ్గు చూస్తే రారని ఆమె నమ్మకం. మన విశ్వాసంలో అట్లాంటివి లేవని పాస్టరుగారు చెప్తే బుద్ధిగా తలూపేది. ఆ ఆదివారమే ఆయనకు పంపిన కోడికూర గిన్నెలోనూ బొగ్గు వేసింది.

నేను మూడో తరగతి పరీక్షలు రాసిన వేసవిలో మా అమ్మ జ్వరంతో పోయింది. నేను ఏడవలేదు. శవపెట్టె మూసేటప్పుడు నన్ను దగ్గరికి లాక్కుని చుట్టాలంతా ఏడ్చారు. నేను వాళ్ళ గాజుల వంక చూస్తూ నిలబడ్డాను. రాయి లాంటి పిల్ల అని ఎవరో అన్నారు. అదీ బాధ అనిపించలేదు. కంచంలో పెట్టింది నమిలి మింగేదాన్ని, ఉప్పో కారమో తెలిసేది కాదు. నాయన కూడా అట్లాగే ఉన్నాడు. ఆయన పలకరాయి గనిలో పనికి మళ్ళీ పోవడం మొదలుపెట్టినాక ఇంట్లో మాట అన్నదే లేకుండా పోయింది.

గనికి మధ్యాహ్నం అన్నం అంతకుముందు అమ్మే పట్టుకుపోయేది. ఆ పని నాకొచ్చింది. దారి సమాధుల పక్కనుంచే. మొదటిరోజు అవ్వ అన్నం మీద బొగ్గు పెట్టి, దోవలో ఎవరూ నీ వెంట రారులే అని ధైర్యం చెప్పింది. ఎవరూ అంటే అమ్మ కూడా రాదు కదా అనుకున్నాను. సమాధుల మలుపు దగ్గర మూత తీసి, బొగ్గుముక్కను తుమ్మచెట్టు మొదట్లో పెట్టేశాను. తరువాత మెల్లగా నడిచాను, అమ్మ అందుకోవాలని. రోజూ అట్లాగే చేశాను. మిరపకాయకు కూడా భయపడుతుందేమోనని అదీ తీసేశాను. వెనక అడుగుల చప్పుడు ఏనాడూ వినపడలేదు.

శనివారం అవ్వ కట్టెపుల్లల కోసం అటు పోయి వచ్చి, ఇస్త్రీ పెట్టె ముందు కూర్చుని కొంగుముడి విప్పింది. అందులో ఉన్నవి నా బొగ్గుముక్కలే. వాటికి మెతుకులు అంటుకుని ఎండిపోయి ఉన్నాయి. అవ్వ నా ముఖం చూసింది. వీపు పగులుతుందనుకున్నాను. ఆమె ఆ ముక్కలను పెట్టెలో వేసి రాజేసి, నాయన తెల్లచొక్కా ఇస్త్రీ చేసింది. మెతుకులు మాడిన వాసన వచ్చింది.

సోమవారం ఆమె ఎండుచేపల పులుసు కాచింది. అది అమ్మకు ప్రాణం. గిన్నెలో ఎప్పటికంటే ఎక్కువ అన్నం పెట్టి మూత మూసింది.

“ఈ పొద్దు బొగ్గు ఏయలేదు పాపా,” అంది. “ఆడ కాసేపు కూసోని పో. మీ నాయనకు ఆలస్యమైనా ఏం గాదు.”

అమ్మ సమాధి దగ్గర గిన్నె మూత తీసి కూర్చున్నాను. మట్టి ఇంకా ఎత్తుగానే ఉంది. ఎండ నెత్తిన మండుతోంది. చీమలు వచ్చాయి. పులుసు చల్లారి పైన నూనె తేలింది. అమ్మ రాలేదు. ఆమెను ఆపుతున్నది బొగ్గు కాదని అప్పుడు అర్థమైంది. మూత పెట్టి లేచాను.

గనిలో అందరూ తిని లేచిపోయారు. నాయన ఒక్కడే రాళ్ళ నీడన కూర్చుని ఉన్నాడు. మూత తీసి, ఆ రోజు కూడా అన్నం మీద బొగ్గు లేకపోవడం చూశాడు. పులుసు చూశాడు.

“వచ్చిందా?” అన్నాడు.

లేదన్నట్టు తల ఊపాను. ఆయన అన్నం కలిపి ముద్ద చేసి నా చేతిలో పెట్టాడు. అప్పుడూ నాకు ఏడుపు రాలేదు. ఆకలి వేసింది. పులుసులో ఉప్పు కాస్త ఎక్కువైందని తెలిసింది. ఇద్దరం గిన్నె ఖాళీ చేశాం.

సాయంత్రం అవ్వ పక్కన కూర్చుని ఆరిన బొగ్గులు ఏరుతూ, మరి ఇది ఎందుకు వేస్తావని అడిగాను.

“మీయమ్మను తరమనీకి గాదు,” అంది. “ఒక్కదానివి పోతావు గదా. నీకు భయం గాకుండా ఏస్తా.”

మరునాడు మళ్ళీ వేసింది. నేను తీయలేదు.

ఇప్పుడు నేనుండేది మార్కాపురంలో. గ్యాస్ పొయ్యి వచ్చాక ఇంట్లో బొగ్గు పుట్టడం మానేసింది. వీధి చివర ఇస్త్రీ బండి అతన్ని అడిగి గుప్పెడు తెచ్చుకుంటాను. మనవడు పనికి పట్టుకుపోయే డబ్బాలో ఒక ముక్క కాగితంలో చుట్టి పెడతాను. ఇదేంది అవ్వా అని వాడు నవ్వుతాడు గానీ, పారేయడు.

ఆదివారం చర్చి అయ్యాక కూతురింటికి కూర పట్టుకుని నేనే నడిచి పోతాను. ఆ దారిలోనే మా ఆయన సమాధి ఉంది. ఆయన పోయినప్పుడు కూడా నాకు ఏడుపు రాలేదు. ఆ గిన్నెలో మాత్రం బొగ్గు వేయను. ఆయన వస్తాడని కాదు. ఆ దారిలో నాకు భయం లేదు.