జడుపుకు కట్టిన గోరు

మా పాప నిద్రలో ఉలిక్కిపడుతోందని, బారసాల నాడు మా అత్తగారు దాని మెడలో పులిగోరు కట్టారు. బంగారు తొడుగు వేసిన గోరు. మా మావగారి తాత చంపిన పులిదట. చిన్నప్పుడు మా ఆయన మెడలోనూ అదే ఉండేదట. పులిగోరు ఉంటే పిల్లలు జడుసుకోరని మా కశింకోట వైపు నమ్మకం. పాపకు గుచ్చుకుంటుందేమోనన్న బెంగ తప్ప నాకు వేరే ఆలోచనే రాలేదు. అంత తెలివి నాది.

మా ఆయన పాపను ఫోటో తీసి, "మా వంశం పులిగోరు" అని రాసి స్టేటస్ పెట్టారు. కొన్నాళ్లకే అటవీ శాఖ జీపు మా వీధిలో ఆగింది.

"పాతదైనా కాగితాలు లేకపోతే కేసేనమ్మా," అన్నాడు ఆఫీసరు, గోరును కవర్లో వేసి సీలు చేస్తూ. "ముందు ల్యాబుకి పంపుతాం. డీఎన్ఏ తీస్తే అది పులిదో కాదో, ఏ అడవి పులిదో కూడా తెలిసిపోతాది. అందాకా మీరు జిల్లా దాటకండి."

"తాతల నాటిది సార్," అని మా ఆయన చెబుతూనే ఉన్నారు.

ఆయన్ను జైల్లో పెడితే పరవాడలో ఉద్యోగం పోతుంది, మా బతుకు వీధిన పడుతుంది. కంపెనీ బస్సు కాస్త ఆలస్యమైతే చాలు, పాపను చంకనేసుకుని వీధి చివర నిలబడేదాన్ని. గోరు తీసేశాక పాప హాయిగా పడుకుంది. ఉలిక్కిపడే పని నాకు అంటుకుంది.

ఒక మధ్యాహ్నం మునగాకు దూస్తూ అత్తగారు మెల్లగా అన్నారు. "అది పాతది కాదమ్మా. మీ మావయ్య ఆపరేసనుకి అసలుది అమ్మీసేను. ఇది మొన్న జాతరలో కొన్నాను. అడివి నించి కొత్తగా వచ్చిందని సెప్పేడు అమ్మినోడు."

 కొత్తదంటే ఈమధ్యే చచ్చిన పులి. ఆ పులి ఏ అడవిదో తెలిస్తే, గోరు చేతులు మారిన దారి పట్టుకుని మా గుమ్మం దాకా వస్తారు.

"ఇప్పుడేటి సెయ్యాలి అత్తయ్యా?"

"మీ ఆయనకి సెప్పకు. జైలుకి నేనెల్తాను. పిల్లకి తండ్రుండాల."

ఆ తరవాత ఆవిడ సరిగా అన్నం తినలేదు. నేనూ తినలేదు.

ఆఫీసరు మళ్లీ వచ్చినప్పుడు పాపను ఎత్తుకుని తలుపు వెనకే నిలబడ్డాను.

"అది గేదె కొమ్ము. చెక్కి మెరుగు పెట్టేరు. డీఎన్ఏలో గేదే వచ్చింది," అన్నాడాయన.

కరివేపాకు రెబ్బ తక్కువైతే కూరగాయల బండి కదలనివ్వని మా అత్తగారు రెండు చేతులూ జోడించారు. "నన్ను మోసం సేసినోడు సల్లగుండాల," అని గొణిగారు. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది.

జీపు వెళ్లిపోయాక మా ఆయన పగలబడి నవ్వారు. "అయితే సిన్నప్పుడు నా మెడలో ఉన్నదీ గేదె కొమ్మేనా అమ్మా?"

ఆవిడ నా వైపు చూశారు.

"అవును నాయనా," అన్నారు.

ఆ అసలు గోరు ఇప్పుడు ఏ పసిపాప మెడలో ఉందో మాకు తెలియదు. దాన్ని పట్టుకుంటే ఎవరి దగ్గర కొన్నారని అడుగుతారు కదా. వీధిలో జీపు ఆగితే ఈరోజుకీ అత్తాకోడళ్లం ఒకరి మొహం ఒకరం చూసుకుంటాం.