అరవై సంచుల మీద ఇప్పపువ్వు

జ్వరం తగ్గాక మొదటిసారి మా కుట్టుగదికి వెళ్లిన రోజు నాకు అన్నీ తేలుతున్నట్టే కనిపించాయి. పాల్వంచ రోడ్డు, బస్సులు, పవర్ ప్లాంటు పొగ, వాన వెలిసిన ఎండ, ఏదీ నేలకు ఆనినట్టు లేదు. ఎనిమిది రోజులు దవాఖానాలో పడి ఉన్నదాన్ని కదా, మెట్లు ఒక్కొక్కటే ఆగి ఆగి ఎక్కాను. తలుపు తోసి చూశాను. గది పొడుగూతా కట్టిన తాడు మీద కాన్వాసు సంచులు వరసగా వేలాడుతున్నాయి. ప్రతి సంచి మీదా ఒక ఇప్పపువ్వు. ప్రతి పువ్వూ తలకిందులుగా ఉంది.

జ్వరం ఇంకా దిగలేదే అనుకున్నాను. గోడ పట్టుకుని నిలబడి, మెడ పక్కకు వంచి మళ్లీ చూశాను. తలకిందులే.

ఆ సంచులు మాకు ఎంత ముఖ్యమో ముందు చెప్పాలి. హైదరాబాదులో ఇప్పపువ్వు లడ్డూలు, అడవి తేనె అమ్మే కంపెనీ ఒకటి, తమ సరుకు కొన్నవాళ్లకు ఇవ్వడానికి సంచులు చేయించుకుంటోంది. సంచుల మీద కంపెనీ పేరు వాళ్లే అచ్చు వేయించి పంపారు. దాని పైన వాళ్ల గుర్తు, ఇప్పపువ్వు, మేం చేత్తో కుట్టాలి. మొదట అరవై సంచులు చూస్తామన్నారు. నచ్చితే ఏడాది పొడుగునా పని మాకే. నచ్చకపోతే సిటీలో కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మెషీన్లు ఉండనే ఉన్నాయి.

అప్పటిదాకా మాకు పెళ్లిళ్ల సీజన్‌లో బ్లౌజులే దిక్కు. సీజన్ అయిపోతే గదికి తాళం. నా దగ్గర కుట్టే ముగ్గురిలో పెద్దది ఒక అక్క. కిన్నెరసాని వాగు అవతల అడవి ఊరి నుంచి పొద్దున బస్సుకు వచ్చేది. ఇంట్లో వాళ్ల భాష, నాతో తెలుగు. పని లేని నెలల్లో ఆమె మిర్చి ఏరడానికి కూలికి పోయేది. ఈ ఆర్డర్ వచ్చిన రోజు నా చేయి పట్టుకుని, "ఇది నిలబడితే ఇగ మిర్చికి పోను చెల్లె," అంది. నా నోరు ఊరుకుంటుందా? "నేనుండగా నిన్ను పోనిస్తనా అక్కా," అనేశాను. చర్చి కుట్టు క్లాసులో గొలుసుకుట్టు నేర్చుకున్న రోజు నుంచీ నాకు సూది కంటే నోరే వాడి.

మా పద్ధతి ఇదీ. పల్చటి కాగితం మీద బొమ్మ గీసి, గీత వెంబడి గుండుసూదితో సన్నటి చిల్లులు పొడుస్తాం. కాగితాన్ని బట్ట మీద పరిచి, చాక్ పొడి కిరోసిన్‌లో కలిపి గుడ్డతో రుద్దితే చుక్కలు దిగుతాయి. చుక్కల వెంట కుట్టుకుపోవడమే. కంపెనీ వాళ్లు పంపిన పువ్వు తామరలా నిటారుగా నిలబడి ఉంది. నమూనా నేను ఇంట్లోనే కుట్టి పంపాను, వాళ్లు సరే అన్నారు. కాగితం పొడిచి, గదిలో బల్ల మీద పెట్టి వెళ్లిన రాత్రే జ్వరం వచ్చింది. నమూనా ఎలా ఉందో మిగతా ముగ్గురూ చూడనేలేదు.

"ఏంది చెల్లె గట్ల జూస్తున్నవ్? కూసో, పడిపోతవ్," అంది అక్క, నవ్వుతూ. ఎనిమిది రోజుల్లో అరవై సంచులూ పూర్తి చేశామన్న సంబరం ఆమె ముఖంలో.

నాకు ఒళ్లు మండింది. "ఏం చేసిన్రే మీరు! కాగితం తిప్పి పెట్టుకున్నరా? కళ్లు లేవా ముగ్గురికి?" నోటికొచ్చినట్టు తిట్టాను. పెద్దదని కూడా చూడలేదు.

అక్క నవ్వు పోయింది. "నువ్వే జరం తలకెక్కి తలకిందులు పెట్టి పోయినవనుకున్నం. మేమే సక్కగ తిప్పినం. వంపులు కుదరకపోతే కొత్త కాగితం మీద నేనే గీసి పొడిచిన," అంది. తర్వాత మెల్లగా అడిగింది. "ఇప్పపువ్వు ఎక్కడన్నా పైకి మొగులు దిక్కు చూస్తదా చెల్లె?"

నాకేం తెలుసు! ప్లాంటు కాలనీలో షిఫ్టు సైరన్లు వింటూ పెరిగినదాన్ని. ఇప్పపువ్వును నేను సంతలో ఎండిన కుప్పగానే చూశాను. కత్తెర తీసుకుని ఒక సంచి మీద కుట్టు విప్పడం మొదలుపెట్టాను. కాన్వాసు మీద సూది పోయిన చోటల్లా చిల్లు మిగిలింది. రెండో రేకు విప్పి కత్తెర కింద పెట్టేశాను.

అక్క నా పక్కన చాప మీద కూర్చుంది. కోపంతో కాదు, నాకు చెప్పకపోతే ఎట్లా తెలుస్తుందన్నట్టు చెప్పింది. "ఎండకాలం మొదట్ల, తెల్లారకముందే పోతం. చెట్టు కింద ఊడ్చి పెట్టుకుంటం. మేం తెంపం. తెంపొద్దు. దానికదే రాలాలె. గుత్తిగుత్తంత కిందికే చూస్తది, ఎప్పుడు దిగుదామా అని. ఇగ చీకట్ల టప్పు, టప్పుమంటది. మనిషి కనపడడు, పువ్వు కనపడదు. వాసనొక్కటే."

నేను గోడకు చేరగిలబడ్డాను. జ్వరపు నీరసమో, ఆమె గొంతో తెలియదు గానీ ఆ మసక చీకటి గదిలోకే వచ్చింది. ఫ్యాను గాలికి సంచులు కదులుతున్నాయి. వాటి మీద పువ్వులు కూడా మెల్లగా ఊగుతున్నాయి. అవి తప్పుగా ఉన్నట్టు అనిపించడం మానేశాయి. మగతగా కళ్లు మూసుకుంటే నా చుట్టూ ఏదో మెత్తగా రాలుతోంది, తియ్యగా వాసన వేస్తోంది. ఎంతసేపు అలా ఉన్నానో తెలియదు. లేచేసరికి అక్క నా కాళ్ల మీద దుప్పటి కప్పి, నేను విప్పిన రెండు రేకులూ పాత చిల్లుల్లోంచే మళ్లీ కుట్టేసింది.

చేసేదేం లేక అలాగే పంపాం. రెండు రోజులు ఫోను పక్కనే పెట్టుకుని కూర్చున్నాను. మూడో రోజు కంపెనీలో డిజైన్లు చూసే అమ్మాయి ఫోన్ చేసింది. "మేడమ్, మా సార్ మీ సంచి చూసి అలాగే ఉండిపోయారు. పువ్వు ఇలాగే ఉండాలట. మా గుర్తే మార్చేస్తున్నాం. ఆ పువ్వు గీసిన కాగితం మాకు పంపుతారా?"

నా కాళ్లు నేల మీద నిలవలేదు. అక్కను పట్టుకుని గదంతా తిప్పాను. "వదులు చెల్లె, కళ్లు తిరుగుతున్నయ్!" అని ఆమె నవ్వుతూనే ఉంది. ఆ సాయంత్రమే అక్క పొడిచిన కాగితాన్ని చుట్టి కొరియర్‌లో పంపాను. ఎవరినీ అడగలేదు. ఎందుకు పంపమన్నారని వాళ్లనూ అడగలేదు. పొగిడితే నాకు బుర్ర పనిచేయదు, అది నా రోగం.

దసరా పోయింది, దీపావళి పోయింది. ఆర్డర్ రాలేదు. ఫోన్ చేస్తే "చెప్తాం మేడమ్" అన్నారు. తర్వాత ఎత్తలేదు.

చలికాలంలో ఒక పొద్దున భద్రాచలం బస్సులో నా ముందు సీటామె భుజానికి ఆ సంచి వేలాడుతోంది. మంచులో అడవి తెల్లగా వెనక్కి పోతోంది. సంచి మీద అక్క గీసిన పువ్వు కిందికి చూస్తూ ఊగుతోంది. ఒక్క క్షణం మాదే అనుకుని పొంగిపోయాను. "ఒకసారి చూడొచ్చాండీ?" అని అడిగి లోపలివైపు తిప్పి చూశాను. మెషీన్ కుట్టు కింద వేసే తెల్ల కాగితం ఇంకా అంటుకునే ఉంది. అదే పువ్వు, అక్క గీసిన అవే వంపులు. అక్క చేతిపనిని నేనే చుట్టచుట్టి పంపేశానని అప్పుడు అర్థమైంది.

పెళ్లి బ్లౌజులకు ఇంకా నెల టైముంది. అక్క అప్పటికే గదికి రావడం మానేసింది. జనవరిలో వాళ్ల ఊరి దారిలో మిర్చి చేను వెతుక్కుంటూ వెళ్లాను. దూరం నుంచి చూస్తే ఎర్రటి సాళ్ల మధ్య మనుషులు నీళ్లలో నడుస్తున్నట్టున్నారు. నన్ను చూసి అక్క గట్టు మీదికి వచ్చింది.

"ఆ కాగితం నేనే పంపిన అక్కా. నిన్ను అడగకుండా పంపిన," అన్నాను.

"తెలుసు," అంది. "బల్ల మీద లేకపోతే ఎక్కడికి పోతది?"

"తిట్టు అక్కా. నేను నిన్ను ఎన్ని మాటలన్న ఆ రోజు!"

ఆమె తిట్టలేదు. "నీకు మాత్రం ఎర్కనా," అంది. మళ్లీ బ్లౌజులకు ఎప్పుడొస్తావని అడిగాను. అరచేతులు తిప్పి చూసుకుంది. వేళ్లు ఉబ్బి ఎర్రగా ఉన్నాయి. "మిర్చి సీజను అయినంక చూద్దాం. ఈ చేతులు సూది పట్టాలంటే నెల పడతది."

నాకు ఏడుపు ఆగలేదు. అక్కడ అందరి కళ్లలోనూ ఘాటుకు నీళ్లే, కానీ నావి వేరని ఆమెకు తెలిసిపోయింది. ముఖం తుడవడానికి కొంగు తీసి నా దాకా తెచ్చింది. తెచ్చి ఆగింది. "వద్దులే చెల్లె, దీనికి కూడా కారమే," అని వెనక్కి తీసుకుంది.