గేటుదాకా

ముగ్గు వేయడం నాకు చేతకాదు. అంబత్తూరులో మా వీధి మొత్తం ఎనిమిది నెలలపాటు దానికి సాక్ష్యం. నేను పెట్టిన చుక్కలు వరసలో నిలబడవు, నేను మొదలుపెట్టిన గీత బయల్దేరిన చోటికి తిరిగి రాదు. ఎదురింటి తమిళావిడ ఒకరోజు పాల ప్యాకెట్లు చేత్తో పట్టుకుని నా ముగ్గు ముందు ఆగి, అది తాబేలా తామరపువ్వా అని తీరిగ్గా అడిగింది. తాబేలే అన్నాను. తామరపువ్వుకని కూర్చున్న సంగతి ఆవిడకెందుకు?

అంతకుముందు గేటు ముందు చోటు మా అత్తది. నేను నెల్లూరు నుంచి కోడలిగా వచ్చేనాటికే ఆ చోటుమీద ఆమె ఇరవయ్యేళ్ళుగా రాజ్యం చేస్తోంది. ఆమె ముగ్గు మీదుగా పోవడానికి మనసొప్పక సైకిలు దిగి పక్కనుంచి నడిపించుకుపోయిన వాళ్ళను చూశాను. కిందటేడు ఇక్కడివాళ్ళు ఐప్పసి అనే దీపావళి నెల వానల్లో, మెట్ల దగ్గర్నుంచి గేటుదాకా ఉన్న మట్టిబాటమీద జారిపడింది. కుడి మణికట్టు విరిగింది. కట్టు విప్పారు, చెయ్యి బాగుపడింది, భయం మాత్రం పోలేదు. ఆమె మెట్లు దిగడం మానేసింది. ముగ్గుడబ్బా తెచ్చి నా చేతిలో పెట్టి, "ఇంక నువ్వే వేసుకో మ్మే. నాకా గేటుతో పనేముండాది" అంది.

గేటుతో పని లేకపోతే మా అత్తకు ఇంక ఏ పనీ లేనట్టే. కూరగాయలామెతో బేరం అక్కడే, ఎదురింటావిడతో పంచాయితీ అక్కడే, సాయంత్రం పూలబండి ఆపి మూర మల్లెలు కొలిపించడమూ అక్కడే. ఇప్పుడు వసారాలో గ్రిల్లు వెనక కుర్చీ వేసుకుని కూర్చుంటోంది. వీధి చివర మనిషిని పిలవగలిగిన గొంతు రోజురోజుకీ తగ్గిపోతుంటే నాకు బెంగ పుట్టింది. మళ్ళీ వానలు వచ్చేలోగా ఆమెను గేటుదాకా నడిపించాలని పట్టుపట్టాను. నా ముగ్గుల గొడవ వదుల్చుకోవాలని కూడా ఉంది, లేదని అబద్ధం చెప్పను.

మా మామ దగ్గర పని సాధించాలంటే మనిషి సంగతి చెప్పకూడదు, బండి సంగతి చెప్పాలి. "మామా, ఈ వానలకి మన కారు గేటుకాడ్నే దిగబడిపోతాది" అన్నాను. అంతే. ఆయన అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేటులో ఒక మిషన్ షాపులో ఫోర్‌మన్‌గా చేసి రిటైరైనవాడు. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఇనుప ముక్కను అవతల పారేయించిన చెయ్యి. మర్నాటికల్లా గ్రాఫ్ కాగితంమీద బాట గీసుకొచ్చాడు. పది అడుగుల వెడల్పు, గేటు దాటి రోడ్డు అంచుదాకా. అప్పుడప్పుడే పెట్రోలు బంకుల్లో కనిపిస్తున్న సిమెంటు బిళ్ళలు, ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చునేవి, ఆయన మనసు దోచుకున్నాయి. నాలుగు చోట్ల తిరిగి నాలుగు రంగుల బిళ్ళలు తెచ్చి వసారాలో పరిచాడు. ఎరుపు, బూడిదరంగు కలిపి చేపముల్లులాగా పేర్చితే బాగుంటుందని ఇంటిల్లిపాదీ ఒప్పుకున్నాం.

అత్త మాత్రం పేపరు చదువుకుంటున్నట్టు నటించింది. చివరికి పేపరు వెనకనుంచే, "అన్ని సందులుంటే ఆడ ముగ్గు ఎట్లేస్తారంట?" అంది.

నాకు ప్రాణం లేచొచ్చింది. ముగ్గు గురించి ఆమె నోరు విప్పడం ఇన్ని నెలల్లో అదే మొదలు. మామ వెంటనే రబ్బరు తీసుకుని గ్రాఫులో గేటు ముందరి చోటు చెరిపి, ఆరడుగుల చదరంలో నున్నటి నల్ల కడపరాయి గీశాడు. అత్త పేపరు తిప్పుకుంది గానీ, తిప్పిన పేజీ తలకిందులుగా ఉంది.

పనికి వ్యాసర్పాడి నుంచి ఒక మేస్త్రీ, ఇద్దరు మనుషులు వచ్చారు. మేస్త్రీ తాతల కాలంలో ఇటొచ్చిన తెలుగువాడు. అడుగు లోతు తవ్వించాడు, కంకర పోసి దిమ్మిసతో రెండు రోజులు కొట్టించాడు. "పైన బిళ్ళ అందంగా ఉంటే చాలదమ్మా. కింద కడుపు గట్టిగా ఉండాల, లేకుంటే కారెక్కినాక పల్లం పడిపోతాది" అని నాకు చెబుతూనే, అంచుల్లో రాళ్ళు నిలబెట్టి సిమెంటు పట్టించాడు. బిళ్ళలు పక్కలకి జరిగిపోకుండా అవి కాపలా అట.

అంతా సవ్యంగా సాగుతుండగా వాలు దగ్గర పేచీ వచ్చింది. మా గేటు దక్షిణాన ఉంది, ఇల్లు దానికి ఉత్తరాన. నీళ్ళు రోడ్డుమీదికి పోయేట్టు వాలు పెడతానన్నాడు మేస్త్రీ. మామ ఒంటికాలిమీద లేచాడు. ఆ మధ్య ఆయన ఒక వాస్తు పుస్తకం కొన్నాడు. ముప్పయ్యేళ్ళు మైక్రోమీటరు పట్టిన మనిషికి రిటైరయ్యాక ఆ పుస్తకం ఎలా ఎక్కిందో నాకిప్పటికీ అంతుపట్టదు.

"నీళ్ళు ఈశాన్యానికే పోవాల. మన బావి ఆ మూలే కదా ఉండేది. దక్షిణానికి పంపిస్తే ఇంట్లో లక్ష్మి నిలవదు" అన్నాడు.

"సార్, ఈశాన్యానికి పోవాలంటే ముందు మీ మెట్లకాడికి వస్తాది కదా సార్!"

"మెట్లు తగిలినాక పక్కకి తిరిగి అదే పోతాది."

"మామా, నీళ్ళు వాస్తు పుస్తకం చదువుకోలేదు కదా" అన్నాను నేను. ఆయన నావైపు చూసిన చూపుకి కాఫీ పెట్టే వంకతో లోపలికి పోయాను. మేస్త్రీ "సెరి, అట్నే కానీండి" అని మట్టం చూసే నీళ్ళ ట్యూబు పట్టుకుని, సాక్షాత్తూ మా ఇంటివైపుకే వాలు కొలిచాడు.

బిళ్ళలు పరవడం పూర్తయింది. బాట నిజంగా అందంగా వచ్చింది. చివర గేటు ముందు నల్లరాయి అద్దంలా మెరుస్తోంది. మర్నాడు పొద్దున అత్త తలస్నానం చేసి, ఎవరూ పిలవకుండానే మెట్లమీదికి వచ్చి నిలబడింది. కొత్త నేల కాబట్టి ముందు కళ్ళాపి పడాలి. ఆ పని నేను చేస్తానంటే మామ ఒప్పుకోలేదు. గేటు దగ్గర నిలబడి, బకెట్టు కాదని తోట పైపు తిప్పాడు. అంత సంబరంలో ఉన్నాడు పాపం!

నేను అత్త మోచెయ్యి పట్టుకున్నాను. ఆమె ఆఖరి మెట్టు దిగి, ఎడమపాదం బిళ్ళమీద మోపింది. రెండో పాదం ఎత్తేలోపు నీళ్ళు వచ్చేశాయి. మామ గీసిన గీత తప్పకుండా, ఇసుకను కలుపుకుని గోధుమరంగులో, నేరుగా ఆమె పాదాల మీదికి. అత్త కెవ్వుమని నా భుజం పట్టుకుంది. వెనక్కి రెండు మెట్లెక్కి, "చాలు. ఒకసారి పడింది చాలు. నేను రాను" అని లోపలికి వెళ్ళిపోయింది. నీళ్ళు మెట్ల కింద మడుగు కట్టి, పక్కకి తిరిగే ఉద్దేశమేమీ లేనట్టు నిలబడ్డాయి.

నాకు ఏడుపు, కోపం రెండూ కలిసి వచ్చాయి. మామను అనడానికి చాలా మాటలు సిద్ధం చేసుకుని తిరిగాను. ఆయన పైపు కింద పడేసి ఆ మడుగునే చూస్తున్నాడు. ఆ ముఖం చూశాక పోయి కుళాయి కట్టేశాను. కాసేపటికి మేస్త్రీ వచ్చాడు.

"ఎత్తెయ్" అన్నాడు మామ.

"అన్నీనా సార్?"

"అన్నీ."

వాస్తు పోయిందా అని నేను అడగలేదు, బుద్ధి గడ్డి తినలేదు కనక. దారి మేస్త్రీయే చూపించాడు. వాలును ఇంటివైపు కాకుండా తూర్పు గోడవైపు తిప్పుతానన్నాడు. గోడ వెంట జానెడు కాలువ తీస్తే, నీళ్ళు ఇంటిని పక్కనుంచే దాటి బావి మూలకే పోతాయి. అక్కడ ఇటుక ముక్కలతో ఒక గుంత చేస్తే భూమిలోకి ఇంకుతాయి. "ఈశాన్యానికే కదా సార్ పోయేది. పెద్దమ్మ కాళ్ళమీదుగా పోవాలని పుస్తకంలో రాయలేదు కదా" అన్నాడు. ఇదే మాట నేనంటే ఏమయ్యుండేదో! మామ నవ్వేశాడు. మళ్ళీ పరిచిన మూడు రోజులూ ఆయనే వంగి బిళ్ళలు అందించాడు. అత్త గ్రిల్లు వెనకనుంచి చూస్తూనే ఉంది, పిలిస్తే మాత్రం తల అడ్డంగా ఊపింది.

పది రోజులకు తొలి వాన పడింది. తెల్లవార్లూ కురిసి తెరిపిచ్చాక నేను గేటు ముందు కూర్చుని తడి నల్లరాతిమీద నా తాబేలుతో కుస్తీ పడుతున్నాను. వెనక చెప్పుల చప్పుడు వినిపించింది. మామేమో అనుకున్నాను. తిరిగి చూస్తే అత్త! ఒక చేత్తో చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, బిళ్ళ తర్వాత బిళ్ళ చూసుకుంటూ వస్తోంది. పక్కన కాలువలో నీళ్ళు గలగలమంటూ బావివైపు పోతున్నాయి, బాటమీద చుక్క నిలవలేదు. వసారాలో మామ కుర్చీలోంచి సగం లేచి అలాగే ఉండిపోయాడు. నేను లేచి చెయ్యి పట్టుకోబోయాను గానీ ఎందుకో ఆగాను.

గేటు దాటి వచ్చింది. నా ముగ్గును ఈ కొసనుంచి ఆ కొసదాకా చూసింది. నా పక్కనున్న చెంబులో నీళ్ళు తీసుకుని దానిమీద పోసి, అరచేత్తో మొత్తం తుడిచేసింది. నాలుగిళ్ళ అవతలికి వినబడే గొంతుతో, "ఎనిమిది నెల్లు ఈ వీధిలో నా పరువు తీసినావు కదే!" అంది.

ఎదురింటి తలుపు తెరుచుకుంది. అత్త విరిగి అతుక్కున్న చెయ్యి నా ముందుకు చాపి, "డబ్బా ఇట్లియ్యి" అంది.