గుండ్రటి ఐదు

పోయిన మంగళవారం మధ్యాహ్నం రెండు దాటాక అల్ రాయ్ నుంచి ఫోను వచ్చింది. అక్కడి ఇంజన్ల వర్క్‌షాపులో పనిచేసే ఒకాయన. "టీచరమ్మా, అన్న పోయినాడమ్మా. అన్నం తిని కుర్చీలో కూచున్నోడు కూచున్నట్టే పోయినాడు" అన్నాడు. ఏ అన్న అని నేను అడగలేదు. ఆ వర్క్‌షాపులో నా నంబరు రాసిపెట్టుకున్న మనిషి ఒక్కడే.

మర్నాడు ఇక్కడే కువైట్‌లో, సులైబిఖాత్ ఖబరస్తాన్‌లో ఖననం చేశారు. మా అబ్బాయి వెళ్ళి మట్టి వేసి వచ్చాడు. ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటూ అక్కడ విన్న మాటొకటి చెప్పాడు. ఎవరో కళ్ళు తుడుచుకుంటూనే అన్నారట: "మంచి పనోడు, పాపం. ఆ సముద్రంలో డీజిల్ లెక్క తప్పిందొకటే." పక్కనున్న నలుగురూ తలలూపారట.

ఆ మాట అతనితోపాటు మట్టిలోకి వెళ్ళిపోయి ఉంటే నేను ఊరుకునేదాన్నేమో. అది బయటే మిగిలింది. అందుకని రాస్తున్నాను. ఆ లెక్క తప్పింది అతను కాదు. నేను.

కువైట్‌లో ఇరవై ఆరేళ్ళు లెక్కల టీచరుగా పనిచేశాను. రిటైరయ్యాక ఒక కువైటీ ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలకు లెక్కలు చెప్పడానికి వెళ్ళేదాన్ని. ఆ ఇంటి యజమానికి ఒక మోటారు యాట్, సొంత షికారు పడవ, ఉండేది. మూడు గదులు, ఒక వంటిల్లు, కింద రెండు ఇంజన్లు. ఆ ఇంజన్లనూ, పడవ కదలని రోజుల్లో ఇంటి పనులనూ చూసుకునే రాయచోటి మనిషిని తమ్ముడూ అని పిలిచేదాన్ని. ఇక్కడా అలాగే అంటాను.

మొదటి రోజే అతన్ని కోప్పడ్డాను. నాకు కుర్చీ తెచ్చి వేస్తూ, బల్ల మీదున్న నోటుపుస్తకం జరిపాడు. అట్ట మీద నల్లగా బొటనవేలి ముద్ర పడింది. "చేతులు కడుక్కున్నాకే పుస్తకం ముట్టుకోవాలి" అన్నాను. రెండో రోజుకి పిల్లల పుస్తకాలన్నిటికీ అట్టలు వేసి ఉన్నాయి, ఇంజన్ ఫిల్టర్లు చుట్టి వచ్చే గోధుమరంగు కాగితంతో. మూలలు మడిచిన తీరు చూస్తే నా విద్యార్థులెవరూ అంత శుభ్రంగా మడవలేదనిపించింది. ఆ మాట మాత్రం అతనితో అనలేదు. పొగడ్త విషయంలో నాకు చెయ్యి బిగువు.

ఆరేళ్ళ కిందట యజమాని మాల్దీవుల దక్షిణపు దీవుల్లో యాట్ల ర్యాలీకి పేరిచ్చాడు. పందెం కాదు. పదకొండు పడవలు కలిసికట్టుగా, మూడు వారాల పాటు, మనుషులు పలచగా ఉండే దీవుల మధ్య తిరగడం. పిల్లలను వెంట తీసుకెళ్తానన్నాడు. వాళ్ళమ్మకు పడవ పడదు, కడుపులో తిప్పుతుంది. పరీక్షలేమో దగ్గరపడ్డాయి. "టీచర్, మీరు వస్తే రెండు పనులూ అవుతాయి" అన్నాడు. ఇంట్లో మనవలు ఒకటే నవ్వు. నేను కాగితం మీద షరతులు రాసి ఇచ్చాను. పొద్దున రెండు గంటలు పాఠం. పాఠం జరిగేటప్పుడు ఎవరూ గదిలోకి రాకూడదు, గుమ్మంలోంచి పిలవకూడదు. మంచినీళ్ళు నేను కొలిచి ఇస్తాను. ర్యాలీ వాళ్ళకు చూపించే పడవ లెక్కల పుస్తకం నేనే రాస్తాను, ఇంగ్లీషులో, కొట్టివేతలు లేకుండా. యజమాని నవ్వుతూ సంతకం పెట్టాడు.

పడవను ముందే ఓడ మీద పంపించి మేము విమానంలో వెళ్ళాం. యజమాని, అతని తమ్ముడు, ఇద్దరు పిల్లలు, నేను, ఇంజన్ తమ్ముడు. వంట మేమిద్దరం పంచుకున్నాం. అబ్బాసియా అంగడిలో కొన్న రాగిపిండి అతను సంచిలో తెచ్చుకున్నాడు. ఒకరోజు సంగటి ముద్ద చూసి చిన్నపిల్ల ఇదేమిటని అడిగితే, "ఇది తింటే లెక్కలు తొందరగా వస్తాయి, మీ టీచరమ్మను అడుగు" అన్నాడు. నేను తల ఊపలేదు. ఊపకపోయినా ఆ పిల్ల రెండు ముద్దలు తిన్నది.

ఆ దీవులను వర్ణించడం నాకు చేతకాదు. ఉన్నది చెబుతాను. నీళ్ళు లోతు లేనిచోట ఆకుపచ్చ, లోతున్నచోట నీలం, అడుగున పగడపు రాయి ఉన్నచోట గోధుమరంగు. సూర్యుడు నెత్తి మీద ఉన్నప్పుడే ఆ రంగులు తెలుస్తాయి. అందుకే ఏ దీవిలోకి అడుగుపెట్టినా మధ్యాహ్నం దాటకుండా చేరాలని ర్యాలీ నియమం. తొమ్మిదేళ్ళు కువైట్ సముద్రంలో తిరిగిన తమ్ముడు మొదటి రోజు అంచున నిలబడి కిందికి చూసి వెనక్కి జరిగాడు.

"ఏం తమ్ముడూ, భయమా?"

"మన కువైట్ సముద్రమే నయమమ్మా. లోపల ఏముండేదీ కనపడదు, నిమ్మళంగా పోతాం. ఈడ చూడు, అద్దం మాదిరి రాళ్ళన్నీ అగపడతాండాయి. గుండె జారిపోతాది."

రెండు ఇంజన్లనూ పెద్దోడు, చిన్నోడు అనేవాడు. "పెద్దోడికి ఆకలెక్కువ, చిన్నోడికి అలకెక్కువ" అని రోజుకొకసారైనా అనేవాడు. ఇంజన్ గదిలోకి దిగేముందు చెప్పులు విడిచేవాడు. మనిషికి పన్నెండు లీటర్ల మంచినీళ్ళని నేను గీత గీస్తే, నమాజుకు కాళ్ళూ చేతులూ కడుక్కునే నీళ్ళతో సహా అతనికి ఎప్పుడూ పది దాటలేదు. మిగిలిన రెండు లీటర్లూ పిల్లల జుట్టు కడగడానికి ఇమ్మనేవాడు. ఉప్పునీళ్ళకు జుట్టు అట్టకట్టుకుపోతుందని వాళ్ళు ఏడ్చేవారు.

ఇప్పుడు అసలు సంగతి. రోజూ పొద్దున ఏడింటికి పదకొండు పడవలూ రేడియోలో పలకాలి. పేరు, అందరూ క్షేమమా, డీజిల్ ఎంత ఉంది. మా పడవ తరఫున పలికేది నేను. డీజిల్ ముల్లు మొదటి వారమే ఆగిపోయింది. తమ్ముడు ట్యాంకులో కొలకర్ర దించి చూసి, ఎంత ఖర్చయిందో చీటీ మీద రాసి ఇచ్చేవాడు. మూడో తరగతితో బడి మానేసిన మనిషి. అంకెలు రాయడం అతనికి వచ్చింది కువైట్‌లోనే, పద్దెనిమిదేళ్ళ వయసులో, ఒక అరబీ గ్యారేజీలో. కనుక అరబీ అంకెలే రాసేవాడు. ఇంగ్లీషు అంకెల్లో రాయమని నేను పట్టుబట్టాను. అట్టముక్క వెనక గీసి గీసి నేర్చుకున్నాడు. రాసి, నా ముందు నిలబడి పైకి చదివి, చీటీ ఇచ్చేవాడు.

కువైట్‌లో ఉన్నవాళ్ళకు చెప్పక్కర్లేదు, ఊళ్ళో ఉండి చదివేవాళ్ళ కోసం చెబుతున్నాను. అరబీలో ఐదు అంకె గుండ్రంగా ఉంటుంది, అచ్చం మన సున్నాలాగే. వాళ్ళ సున్నా ఒట్టి చుక్క.

అన్నిటికన్నా దూరమైన దీవికి బయల్దేరే ముందు రోజు శుక్రవారం. మధ్యలో దీవి లేదు, డీజిల్ పోసే చోటు లేదు. ఆ రోజు ర్యాలీ వాళ్ళ డీజిల్ పడవ వచ్చి, కావలసినవాళ్ళకు పోసి వెళ్తుంది. దానికోసం తమ్ముడు కొలత తీసి చీటీ పట్టుకొచ్చాడు. నేను పాఠంలో ఉన్నాను. నా షరతు అతనికి గుర్తుంది. గుమ్మం బయటే ఉప్పు డబ్బా కింద చీటీ పెట్టి, దీవిలో మసీదుకు జుమ్మా నమాజుకు వెళ్ళిపోయాడు.

పాఠం అయ్యాక చీటీ చూశాను. ఖర్చు వెయ్యి అని ఉంది. ఒకటి, మూడు సున్నాలు. నిండు ట్యాంకు రెండువేల నాలుగువందలు. మిగిలింది పద్నాలుగువందలు. ముందున్న ప్రయాణానికి తొమ్మిదివందలు చాలు. మాకు అక్కర్లేదని డీజిల్ పడవకు చెప్పాను. తిరిగిన దూరానికి వెయ్యి లీటర్లు మరీ తక్కువ కదా అని నాకు తోచాలి. పిల్లలకు రోజూ చెప్పేదే అది, జవాబు వచ్చాక వెనక్కి సరిచూడమని. నేను సరిచూడలేదు, ముందు రోజు చీటీ అయినా తిరగేయలేదు. పైగా తమ్ముడు డీజిల్ బాగా పొదుపు చేస్తున్నాడని సంతోషించాను.

నమాజు నుంచి వచ్చి అడిగాడు.

"డీజిల్ పడవ వచ్చి పోయిందా అమ్మా?"

"వచ్చి పోయింది" అన్నాను.

అడిగినదానికి అడిగినంతే జవాబు చెప్పడం నా అలవాటు. అతను పోయించుకున్నామనే అనుకున్నాడు.

శనివారం తెల్లవారగానే యజమాని యల్లా యల్లా అని తొందరపెట్టాడు. కొలకర్ర దించకుండానే కదిలాం. ఎదురు ప్రవాహం. పది గంటలకు తమ్ముడు కింది నుంచి వచ్చాడు. చేతిలో కొలకర్ర ఉంది.

"ఎంత పోయించినారమ్మా నిన్న?"

"పోయించలేదు. అక్కర్లేదన్నాను."

ఒక్క క్షణం నా వైపు చూసి, గబగబా యజమాని దగ్గరికి పోయాడు. సగం దూరం కూడా రాలేదు, డీజిల్ మూడువందల చిల్లర మిగిలింది. "చిన్నోన్ని పడుకోబెడతా. పెద్దోనితో మెల్లగా పోతే చేరతాం" అన్నాడు. ఒక్క ఇంజన్‌తో, నడిచినట్టుగా, ఏడు గంటలు వెళ్ళాం. ఆ ఏడు గంటలూ అతను ఇంజన్ గదిలోంచి రాలేదు. మధ్యలో నేను మజ్జిగ తీసుకెళ్తే చేయి చాపి అందుకున్నాడు, తల తిప్పలేదు.

చేరేసరికి ఎండ వాలి, నీళ్ళ మీద ఒకటే మెరుపు. రాయి ఏదో, దారి ఏదో తెలియలేదు. పది పడవలూ లోపల లంగరు వేసి మాకోసం చూస్తున్నాయి. ఒక చిన్న పడవ ఎదురొచ్చి చెయ్యి పట్టి నడిపించినట్టు మమ్మల్ని లోపలికి తీసుకెళ్ళింది. ఏమైందని రేడియోలో అడిగితే యజమాని అందరూ వినగా చెప్పాడు: "మా ఇంజన్ మనిషి డీజిల్ లెక్క తప్పాడు."

లంగరు వేశాక చీటీ తెమ్మన్నాడు. తెచ్చాను. "వెయ్యి అని రాశావు. నువ్వు రాసిందేనా?" అని తమ్ముణ్ణి అరబీలో అడిగాడు.

"వెయ్యిన్ని ఐదువందల యాభై రాసినాను బాబా" అన్నాడు తమ్ముడు.

"ఎక్కడుంది ఐదు? చూపించు."

తమ్ముడు చీటీ చేతిలోకి తీసుకున్నాడు. నేనూ పక్క నుంచి చూశాను. మేమిద్దరం ఒకేసారి చూశాం. ఒకటి తర్వాత మూడు గుండ్రాలు. మొదటి రెండూ కొంచెం పెద్దవి, కింద నుంచి మొదలుపెట్టి చుట్టినవి. చేతి అలవాటు. ఇంగ్లీషు అంకెల మధ్యలో అరబీ ఐదులు. పైకి చదివి ఇచ్చి ఉంటే ఏ గొడవా లేకపోయేది. చదవనివ్వనిది నా షరతు.

అతను నా ముఖంలోకి చూశాడు. పక్కనే పిల్లలిద్దరూ నిలబడి ఉన్నారు. చీటీ మడిచి బల్ల మీద పెట్టాడు.

"గల్తీ నాదే బాబా. కొలకర్ర పెట్టకుండా కదిలితి."

"ఖలాస్" అన్నాడు యజమాని. "ఎల్లుండి ఈ దీవికి చిన్న విమానం వస్తుంది. నువ్వు వెళ్ళిపో. నీ ఇఖామా సంగతి కువైట్‌లో చూస్తాను."

ఇఖామా, అంటే అక్కడ ఉండేందుకు ఇచ్చే అనుమతి, రద్దయితే కువైట్ బతుకు అక్కడితో సరి. రాయచోటిలో పెద్ద కూతురు నర్సింగు రెండో ఏడు చదువుతోంది. అవన్నీ నాకు తెలుసు. తెలిసి కూడా నేను నోరు తెరవలేదు. గదిలోకి వెళ్ళి కూర్చున్నాను. గోడ గడియారం చూశాను కనుక కచ్చితంగా చెప్పగలను, నలభై నిమిషాలు. ఇరవై ఆరేళ్ళలో నేను తప్పన్న లెక్క ఒప్పయింది లేదని నాకు పేరు. ఆ పేరు ఒడిలో పెట్టుకుని నలభై నిమిషాలు కూర్చున్నాను. కింద అతను పనిముట్లు తుడిచి ఒక్కొక్కటే పెట్టెలో సర్దుతున్న చప్పుడు వినబడుతోంది.

తర్వాత లేచి యజమాని దగ్గరికి వెళ్ళి చీటీ విప్పి చూపించాను. "ఇవి మీ ఐదులు. అతను సరిగ్గానే కొలిచాడు, సరిగ్గానే రాశాడు. చదివింది నేను. డీజిల్ వద్దన్నది నేను" అన్నాను. యజమాని చీటీని చాలాసేపు చూసి, చివరికి నవ్వాడు. "అరబీలో చదివితే ఇది వెయ్యిన్ని ఐదువందల యాభై ఐదు, టీచర్. మీ ఇద్దరి మధ్య నా పడవ మునిగేది" అన్నాడు. విమానం మాట మళ్ళీ ఎత్తలేదు.

నేను ఇంజన్ గది మెట్ల దగ్గరికి వెళ్ళి, "ఎందుకు చెప్పలేదు?" అని కోప్పడ్డాను. నాకు కోప్పడటం తప్ప వేరే దారి తెలియలేదు.

"పిల్లోళ్ళ ముందర టీచరమ్మది తప్పంటే రేపు మీ మాట యాడ వింటారమ్మా?"

"మరి నీ ఉద్యోగం?"

"ఇంజన్లు ఏడైనా ఉంటాయి లెమ్మా" అన్నాడు. ఆ గొంతులో ధైర్యం లేదు. అయినా అన్నాడు.

మర్నాడు ఏడింటికి రేడియోలో మా పడవ వంతు వచ్చినప్పుడు, నిన్నటి తప్పు ఇంజన్ మనిషిది కాదు, పుస్తకం రాసే నాది అని చెప్పాను. యజమాని అవసరం లేదన్నాడు, అయినా చెప్పాను. "ఎందుకమ్మా, పదిమంది ముందర?" అని తమ్ముడు నొచ్చుకున్నాడు. "పదిమంది ముందరే కదా నీ మీద వేశారు" అన్నాను.

కానీ నా మాట ఆ పది పడవల దగ్గరే ఆగిపోయింది. కథ ఒక్కటే కువైట్ దాకా వచ్చింది. యజమాని పడవ అమ్మేశాక తమ్ముడు అల్ రాయ్‌లో చేరాడు. అక్కడ అతన్ని "సముద్రంలో డీజిల్ మరిచినోడు" అని ఆటపట్టించేవాళ్ళట. నాకు ఎన్నడూ చెప్పలేదు. నెలకొక శుక్రవారం వచ్చి, చెప్పులు బయట విడిచి, కూర్చుని, మనవల సైకిళ్ళు బాగుచేసి పోయేవాడు. కూతురు నర్సయిందని చెప్పడానికి వచ్చిన రోజు మాత్రం ఏదీ బాగుచేయలేదు. రెండు కప్పుల టీ తాగి, ఊరికే నవ్వుతూ కూర్చున్నాడు.

మట్టి దగ్గర తలలూపిన ఆ నలుగురిలో ఎవరైనా ఇది చదివితే పక్కవాళ్ళకు కూడా చెప్పండి. అతను కొలిచింది సరిగ్గా ఉంది.

ఆ ఆదివారమే, రేడియో అయ్యాక, నా షరతు నేనే కొట్టేశాను. పాఠం మధ్యలోనైనా సరే, లోపలికి వచ్చి పైకి చదివి వెళ్ళమన్నాను. మిగిలిన ఆరు రోజులూ వచ్చాడు. చీటీ రెండు చేతులా పట్టుకుని తెలుగులో చదివేవాడు. పిల్లలు పెన్సిళ్ళు ఆపి అతనితోపాటు పలికేవాళ్ళు. "వెయ్యీ నూటా ముప్పై" అని అతనంటే, "వెయ్యీ నూటా ముప్పై" అని ఆ అరబీ నాలుకలు సాగదీసేవి. కదలని నీళ్ళ మీదుగా ఆ అంకె పక్క పడవ దాకా వినబడి, అక్కడెవరో చెయ్యి ఊపేవారు. అతను మాత్రం చివరి రోజు దాకా పూర్తిగా లోపలికి రాలేదు. ఒక కాలు గడప లోపల, ఒక కాలు బయట, వెనక అంత వెలుతురు.