ఆమెన్ అనని ప్రార్థన

ఇవాళ బరంపురం బజారులో ఎండుచేపల వాసన తగలగానే, గోపాల్‌పూర్ ఇసుకలో చేపలు తిరగేస్తున్న మా మామ్మ కళ్ళ ముందు నిలిచింది. ఎండలో ఉప్పు మెరిసే చేతులు. అప్పటి మన వీధి పిల్లలూ, ఆమె ప్రార్థన మీకు గుర్తుందా?

పొద్దున్నే పొయ్యి రాజేస్తూ "ప్రభువా" అని మొదలుపెట్టేది. ఆమెన్ మాత్రం అనేది కాదు. కాకుల్ని తోలుతూ, ఒడియాలో బేరాలాడుతూ, మధ్యమధ్యలో ఆయనతో మాట్లాడుతూనే ఉండేది. మనల్ని తిట్టిన తిట్లు కూడా ఆ ప్రార్థనలోవే.

"ఆమెన్ మర్సిపోనావు మామ్మా" అన్నాను ఓసారి.

"అప్పుడే అనీస్తే ఎలాగే పిల్లా? ఇంకా బోల్డంత పొద్దుంది. ఆయనకి సెప్పాల్సినవి ఎన్నున్నాయో సూడు!"

రాత్రి చాప మీద నడుం వాల్చాకే ఆ ఒక్క మాటా అనేది.

ఓ మధ్యాహ్నం నాకు జడ వేస్తూ, "ప్రభువా, ఈ పిల్లకి..." అంటూ గోడకి ఒరిగిపోయింది. మళ్ళీ లేవలేదు.

సగం జడతో కూర్చున్న ఆ పిల్లకి ఇప్పుడు యాభై దాటాయి. చేపల పొట్లంతో ఇంటికి నడుస్తుంటే, ఇంకా ఆ ప్రార్థనలోనే ఉన్నాననిపించింది. దానికి ఆమెన్ ఎవరూ అనలేదు మరి.