లెక్కలో కలిసిపోయిన రెండు స్లాబులు

కరోనా తర్వాత ఆఫీసులు మళ్లీ తెరుచుకున్న ఏడాది అది. అశోక్‌నగర్‌లో ఒక అపార్ట్‌మెంటు రెండో అంతస్తులో మా చిన్న కంపెనీ. భవనాలు ఎంత బరువు మోస్తాయో లెక్కగట్టే ఫైనైట్ ఎలిమెంట్ సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్లం. స్లాబును వేల చిన్న ముక్కలుగా విడగొట్టి, ఏ ముక్క ఎంత వంగుతుందో తేల్చడం దాని పని. ఆ ముక్కల అల్లికను మెష్ అంటాం. లెక్క చేసే భాగం, అంటే సాల్వర్, చాలా ఏళ్లుగా నా చేతిలోనే ఉంది.

నారాయణగూడలో ప్రాక్టీసు చేసే స్ట్రక్చరల్ ఇంజినీర్ శైలజ గారు ఒక ఉదయం ఫోన్ చేశారు. చిక్కడపల్లిలో ఒక పాత భవనం మొదటి అంతస్తులో, పోటీ పరీక్షలకు చదివేవాళ్ల స్టడీ హాల్ ఉంది. ఓనరు ఎడమ పక్కన పుస్తకాల ర్యాకులు పెడదామనుకుని, స్లాబు తట్టుకుంటుందా అని ఆమెను అడిగాడట.

"రమణ గారు, లెక్క ఒడుస్తలేదు. ఎర్రర్ ఒక కాడికి వచ్చి అక్కడ్నే నిలబడ్డది" అన్నారు.

నేను వేరే పనిలో మునిగి ఉన్నాను. "టాలరెన్స్ జర పెంచండి మేడమ్, రిజల్ట్ వస్తది" అన్నాను. లెక్కలో ఎంత తప్పు మిగిలినా ఫరవాలేదనుకునే హద్దు టాలరెన్స్. ఆమె పెంచారు. స్లాబుకు ప్రమాదం లేదని వచ్చింది.

మర్నాడు మళ్లీ ఫోన్.

"బరువు ఎడమ దిక్కు పెట్టిన. కుడి దిక్కు స్లాబు ఎందుకు వంగుతున్నది? నడుమ జాయింట్ ఇచ్చిన కద. జర సైటుకు రాండ్రి."

జాయింట్ అంటే స్లాబును రెండుగా విడదీసే సందు. లేనిచోట ఇచ్చారేమో, పొరపాటు ఆమెదే అయ్యుంటుందనుకుంటూ నడిచి వెళ్లాను. హాలు కింద ఖాళీ గోదాములో, పాలమూరు నుంచి వచ్చిన మేస్త్రీ బాలయ్య స్టూలెక్కి సీలింగ్ ప్లాస్టర్ చెక్కుతున్నాడు. సన్నని సందు కనబడింది. ఇనుము కోసే హ్యాక్సా బ్లేడు తీసి అందులోకి దూర్చాడు. ఏ అడ్డూ తగలకుండా లోపలిదాకా వెళ్లింది.

"ఇది ఒక్క స్లాబు గాదు సార్, రెండు. దీని బరువు అది మొయ్యది" అన్నాడు.

శైలజ గారు నా వైపు చూశారు. పైన ఎవరో కుర్చీ జరిపిన చప్పుడైంది.

తప్పు మా కోడ్‌లోనే ఉంది. సన్నని మెష్ మీదే లెక్కంతా చేస్తే చాలాసేపు పడుతుంది. అందుకని మిగిలిన తప్పును పెద్ద ముక్కలున్న మోటు మెష్‌కు పంపి, అక్కడ దిద్దుబాటు కనుక్కొని, తిరిగి సన్నని మెష్‌కు తెస్తాం. దీన్ని మల్టీగ్రిడ్ అంటారు. సన్నని మెష్‌లో జాయింట్ సరిగ్గానే ఉంది. మోటు మెష్‌లో అది ఒక పెద్ద ముక్క మధ్యలో పడి మాయమైంది. దాంతో ఎడమ స్లాబుకు రావలసిన దిద్దుబాటు కుడి స్లాబుకూ పోతోంది. సన్నని మెష్ సరిచేసినదాన్ని మోటు మెష్ మళ్లీ చెడగొడుతోంది. లెక్క కుదరడం లేదని సాల్వర్ చెబుతూనే ఉంది. దాన్ని సరిపెట్టుకోమన్నది నేను.

దిద్దుబాటు జాయింట్ దాటకుండా ఆ భాగాన్ని తిరగరాశాను. ఈసారి లెక్క పాత టాలరెన్స్‌కే పూర్తయింది. ర్యాకులు పెడితే ఎడమ స్లాబు తట్టుకోగలిగినదానికంటే చాలా ఎక్కువ వంగుతుందని తేలింది. ఇప్పుడున్న బరువుకే అది హద్దు దగ్గర ఉంది.

"మొదటి రిపోర్టు ఇచ్చేసిండ్రా మేడమ్?" అని అడిగాను.

"లేదు. మీరు చెప్పిన్రని పెంచిన గని, సంతకం పెట్టబుద్ధి కాలే."

ఆ వారంలోనే ఓనరు ఎడమ పక్క ఖాళీ చేయించాడు. కింద ఉక్కు దూలాలు వేశాకే పిల్లలు మళ్లీ అక్కడ కూర్చున్నారు.

అదే సలహా ఇంకెవరికి ఇచ్చానో పాత మెయిళ్లన్నీ వెతికాను. ఒక్కొక్కరికీ నేనే ఫోన్ చేసి, తప్పు మా సాఫ్ట్‌వేర్‌ది, సలహా నాది, లెక్క మళ్లీ చేయండని చెప్పాను. "అప్పుడే ఎందుకు చూడలే?" అని ఒకాయన అడిగాడు.

ఇప్పుడు ఎవరైనా లెక్క ఆగిపోయిందంటే ముందు డ్రాయింగ్ పంపమంటాను. అందులో మనుషులు ఎక్కడ కూర్చుంటారో చూశాకే కోడ్ తెరుస్తాను.